తలుపులు వేయించిన డప్పు

ఉప్పలయ్యకు పొద్దున్నే ఒక అలవాటుండేది. తూర్పు తెల్లబడుతుండగా లేచి, ముఖం కడుక్కుని, పోచమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టుకుని, వాకిట్లో గుప్పెడు వరిగడ్డి ముట్టించేవాడు. ఆ మంట మీద డప్పును అటూ ఇటూ తిప్పుతూ కాచేవాడు. తోలు బిగిసిందనిపించాక చిర్ర పుల్లతో ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసి, డప్పును చెవి దగ్గరికి తీసుకుని, ఆ మోత పూర్తిగా ఆగేదాకా వినేవాడు. ఆ తర్వాతే దాన్ని చూరుకు తగిలించి మంచినీళ్ళు తాగేవాడు.

చాటింపు ఉన్న రోజైనా లేని రోజైనా ఇది తప్పేది కాదు. "పనిలేని నాడు గూడ ఎందుకయ్యా కాగబెట్టుడు?" అని ఎవరన్నా అడిగితే, "కబురు నన్నడిగి వస్తదా?" అనేవాడు.

ఆ గడ్డిమంటకు ఇంకో పుణ్యం కూడా ఉండేది. వాడలోని ఆడవాళ్ళు పిడక ముక్కలు పట్టుకొచ్చి అక్కడే అంటించుకుని పోయేవారు. అగ్గిపెట్టె నిండుకున్న ఇల్లు ఏదో ఒకటి రోజూ ఉండేది. అందుకే ఉప్పలయ్య భార్య సారమ్మ, మంట ఆరకుండా ఇంకో గుప్పెడు గడ్డి వేసి, ప్రార్థన చేసుకోవడానికి లోపలికి పోయేది. ఆయన పోచమ్మకు మొక్కితే ఆమె యేసు ప్రభువుకు మొక్కేది. "ఒక్క గుడిసెకు ఇద్దరు కావలి" అని ఉప్పలయ్య నవ్వేవాడు.

మా ఊరు ఎర్రకుంటపల్లె. తొర్రూరులో బస్సు దిగి బండ్లబాట పట్టి రావాలి. రేడియో పటేల్ ఇంట్లో ఒక్కటే ఉండేది. పేపరు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. అందువల్ల ఊరికి ఏ సంగతి తెలియాలన్నా ఉప్పలయ్య డప్పు మోగాల్సిందే. చక్కెర వచ్చిందన్నా, తూము తీస్తున్నారన్నా, పెండ్లి అన్నా, చావన్నా, ఒక్కోదానికి ఒక్కో దెబ్బ. ఆయన నోరు తెరిచేలోపే జనం చేయాల్సిన పని మొదలుపెట్టేవారు. చక్కెర దెబ్బకు ఆడవాళ్ళు సంచులు వెతుక్కునేవారు, తూము దెబ్బకు మగవాళ్ళు పారలు భుజానికెత్తుకునేవారు. మాటల కోసం ఆగేది ముసలివాళ్ళు మాత్రమే, అదీ కాలక్షేపానికి.

ఆ దెబ్బల్లో ఒకటి మాత్రం, నేను చెప్పబోయే ఎండాకాలం దాకా, ఆయన ఊళ్ళో ఎన్నడూ కొట్టలేదు. దాన్ని వాళ్ళ నాయిన నేర్పాడు. రజాకార్ల కాలంలో ఊరి మీదికి గుర్రాలు వస్తున్నాయని తెలిస్తే ఆ ముసలాయన ఆ దెబ్బ కొట్టేవాడట. చిటపటమని దగ్గరదగ్గరగా పడే దెబ్బలు, ఉన్నట్టుండి మౌనం, మళ్ళీ చిటపట. ఆ దెబ్బ వింటే జనం ఏ పని మీద ఉన్నా వదిలేసి తలుపులు వేసుకునేవారు.

అంతకుముందు ఉప్పలయ్య దాన్ని ఒకేసారి వాడాడు, అదీ జనగామలో. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కోసం కాలేజీలు మూతబడి పిల్లలంతా రోడ్ల మీద ఉన్న రోజులవి. బంధువుల ఇంటికి పోయిన ఉప్పలయ్యను చూసి కొందరు విద్యార్థులు, "అన్నా, ఊరేగింపు ముందర జర నీ డప్పు మోగియ్యరాదే" అని చేతులు పట్టుకున్నారు. ఆయన మోగించాడు. బజారు మలుపులో పోలీసులు లాఠీలతో అడ్డం నిలిచినట్టు ముందు నడుస్తున్న ఆయనకే మొదట కనబడింది. అరిచినా వినబడని గోలలో ఆయన చేయి దానంతటదే ఆ పాత దెబ్బకు మారింది. ఊరేగింపులో ఉన్న, ఆ దెబ్బ ఎరిగిన పల్లెటూరి పెద్దలు పిల్లల్ని రెక్క పట్టి సందుల్లోకి లాగారు. చూస్తుండగానే బజారు ఖాళీ అయింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

ఆ రోజు అలా సందులోకి లాగబడ్డ పిల్లల్లో మధుకర్ ఒకడు. ఆ ఏడాది చదువు పోయినా తర్వాత పశువైద్యంలో ట్రైనింగ్ అయ్యి, పదేండ్లకు మా వైపు పశువుల దవాఖానకు కాంపౌండర్‌గా వచ్చాడు. మనిషి మెత్తన. సైకిల్ వెనుక మందుల పెట్టె కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. ఆవుకు సూది వేసే ముందు దాని గంగడోలు నిమిరి, "ఏమనుకోకు తల్లీ" అని చెప్పుకునేవాడు.

ఆయన వచ్చిన ఎండాకాలంలోనే మా చుట్టుపక్కల ఊర్ల మీద ముసర రోగం పడింది. అంగడిలో కొన్న ఎద్దులతో వచ్చిందన్నారు. ముందు జ్వరం, తర్వాత కండ్ల నుంచి ఆగని నీళ్ళు, నోటి నిండా పుండ్లు, ఆపైన పారుడు. కొట్టంలో కట్టేసిన పసరం మళ్ళీ లేచేది కాదు. మృగశిర దగ్గరపడుతోంది. ఎడ్లు పోతే ఆ ఏడాది దుక్కి పోయినట్టే, దుక్కి పోతే తిండి పోయినట్టే.

ఉప్పలయ్యకు ఆ ఏడు ఇంకో ఆశ కూడా ఉంది. సర్కారు పంచిన బంజరులో ఆయనకు కొంత చెలక వచ్చింది. తరతరాలుగా ఇతరుల పొలాల్లో దున్నిన వంశంలో సొంత భూమి చూసినవాడు ఆయనే. దాని కోసం దూడలప్పటి నుంచి సాకిన రెండు కోడెలు, నల్లోడు, మైలోడు, అప్పుడే కాడికి వచ్చాయి. సారమ్మ తాను తాగే గంజిలో సగం వాటి కుడితిలో పోసేది. తొలకరి పడగానే మొదటి చాలు దున్నాలని ఆ దంపతులు ఆకాశం చూస్తూ ఉన్నారు.

పసులకు జబ్బు చేస్తే మా ప్రాంతంలో ఒక ఆచారం ఉండేది. పొలిమేరలో రెండు గుంజలు పాతి, వేపమండల తోరణం కట్టి, ఊళ్ళోని పసులన్నింటినీ ఒక్కచోట చేర్చి దాని కింద నుంచి దాటించేవారు. దాటేటప్పుడు కొమురవ్వ, అంటే అమ్మవారు పూనే మా ఊరి ముసలామె, ఒకే కుండలోని పసుపు నీళ్ళను వేపమండతో అన్నిటి ముఖాన చల్లేది. దాటాక అన్నీ ఒకే గోలెంలో కుడితి తాగేవి. అందరికంటే ముందు పటేల్ గారి మంద నడిచేది, చిట్టచివర ఉప్పలయ్య వాడ పసులు. దీన్నే దాటుడు అనేవారు.

మా పటేల్ జగపతి. కోపం ఎక్కువే గానీ, ఆపదలో వచ్చిన వాణ్ణి ఉత్త చేతులతో పంపిన మనిషి కాదు. ఆయన ఉప్పలయ్యను చావిడికి పిలిపించాడు. "ఉప్పలిగా, మంగళారం పొద్దున ఊరి పసులన్ని పొలిమేర కాడ ఉండాలె. ఒక్క దూడ గూడ ఇంటికాడ ఉండద్దు. రేపే చాటు."

మధుకర్ ఆ మాట విని ఆదరాబాదరాగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. "పటేలా, పక్క ఊళ్ళె దాటుడు కాకముందు రోగం ఒక్క వాడల్నే ఉండె. దాటుడైనంక అన్ని వాడలకు పాకింది. పసులను ఒక్కకాడికి తేవద్దు, మీకు దండం పెడుత."

"మా ఊరికి నీ సర్కారు సూది కంటె ముందుగాల అమ్మ ఉన్నది" అన్నాడు పటేల్. "నీ సూది గూడ ఏస్కో, ఎవలొద్దన్నరు? పసులన్ని ఆడనే ఉంటయి. నీకూ అల్కగైతది, తిరిగే తిప్పలుండది."

"అల్కగయ్యేది నాకు కాదు పటేలా, రోగానికి."

పటేల్ లేచి లోపలికి పోయాడు. మాట అయిపోయిందని అర్థం.

మధుకర్ అక్కడి నుంచి నేరుగా ఉప్పలయ్య ఇంటికి వచ్చాడు. ఆ రోజుల్లో పైవాడ మనుషులు ఆ వాకిట్లో కాలు పెడితే వింతగా చూసేవారు. ఆయన కుక్కిమంచం మీద కూర్చుని, "సారక్కా, జర మంచినీళ్ళియ్యి, గొంతెండుతున్నది" అన్నాడు. సారమ్మ చెంబు కడిగిందే మళ్ళీ కడిగి తెచ్చింది. ఆయన ఎత్తి పోసుకోలేదు, చెంబు కరుచుకునే తాగాడు. సారమ్మ ఆ సంగతి చాలా ఏండ్ల తర్వాత కూడా చెప్పుకునేది.

"ఉప్పలన్నా, జనగామల నన్ను నీ డప్పే కాపాడింది. గిప్పుడు గూడ అదే కావాలె" అన్నాడు మధుకర్.

"నేను డప్పు కొట్టెటోణ్ణి సారూ, రోగం సంగతి నాకేం ఎరుక?"

"డప్పు సంగతి ఎరుకైతే రోగం సంగతి ఎరుకైనట్టే. ఇను. పసరం ఒళ్ళంత కంటికి కనబడనంత చిన్న చిన్న ఇండ్లు. వాటిని కణాలంటరు. ఒక్కొక్క ఇంటికి ఒక తలుపు, లోపల పొయ్యి, వంటోళ్ళు, పనోళ్ళు. ఏ ఇల్లు ఏం చెయ్యాల్నో చెప్పెతందుకు లోపల లోపల చాటింపులు నడుస్తుంటయి. ఇది వండుండ్రి, గది ఆపుండ్రి, ఈడ గోడ కూలింది కట్టుండ్రి అని."

"మన ఊరు లెక్కనే."

"మన ఊరు లెక్కనే. ఇగ ముసర తెచ్చే పురుగున్నది చూడు, వైరస్ అంటరు దాన్ని. దానికి చేతుల్లేవు, పొయ్యి లేదు, గింజ లేదు. తనంతల తాను ఒక్క పిల్లను గూడ పెట్టలేదు."

"గంత చేతగానిదా? మరి ఎడ్లెట్ల కూలుతున్నయి?"

"చెప్తున్న గద. ఎరుకైన చుట్టం లెక్క తలుపు తడుతది. ఇల్లు నమ్మి తీస్తది. లోపలికి రాంగనే చాటింపోని చేతులకెంచి డప్పు గుంజుకుంటది. 'మీ పనులన్ని బందు పెట్టుండ్రి, నా అసొంటోళ్ళను వండుండ్రి' అని కొడతది. పనోళ్ళు మొఖం చూడరు, దెబ్బ వింటరు. తమ ఊరి దెబ్బనే అని నమ్మి, తమ గింజల్తోనే దానసొంటివి గంపలకు గంపలు తయారు చేస్తరు. ఆఖరికి ఇల్లు పలుగుతది, గవన్ని బయటికొచ్చి పక్కిండ్ల తలుపులు తడతయి."

ఉప్పలయ్య చూరుకు వేలాడుతున్న డప్పు వైపు చూశాడు. "అయితే సారూ, రేపు నేను దాటుడు కొడితే, కొట్టేది నేనా, ఆ పురుగా?"

మధుకర్ తల వంచుకున్నాడు. "నీతోని ఆ మాట అనబుద్ధి గాలేదన్నా."

"మరి ఆ చిన్న చిన్న ఇండ్లకు దిక్కే లేదా?"

"ఉన్నది. దేవుడు ఒక ఉపాయం పెట్టిండు. దొంగ సొచ్చిన ఇల్లు సచ్చిపోయే ముందు పక్కిండ్లకు ఒక కబురు పంపుతది, 'నా పని అయిపోయింది, మీరు తలుపులేసుకోండ్రి' అని. పక్కిండ్లు ఆ కబురు విని పొయ్యిలార్పుకొని, తలుపులు బిగించుకొని కూసుంటయి. గింజ దొరకక దొంగ ఎండుతది. కొన్ని మాయదారి పురుగులు ఆ కబురు గూడ పోకుండ గొంతు పిసుకుతయంటరు, పెద్ద చదువులోళ్ళు ఇంక చూస్తున్నరు. కబురు సక్కగ పోయిందా, పసరం బతుకుతది. నా టీకా చేసేది గూడ అంతే, దొంగ మొఖం ముందుగాలనే చూపెడతది. కాని టీకా పట్టెతందుకు దినాలు కావాలె. అప్పటిదాక తలుపులేసి ఉంచెటోడు కావాలె."

సారమ్మ స్తంభానికి ఆనుకుని అంతా వింది. "గీయన కొట్టకపోతె పటేలు ఊళ్ళె ఉండనిస్తడా సారూ? కొడితె మా కోడెలు మిగుల్తయా? ఎటు చూసినా మా పొయ్యే ఆరుతది." ఆమె తర్వాత భర్త వైపు తిరిగి, "ఏందయ్యో, గట్ల గోడకు చెప్పినట్టు కూసుంటవ్? పోయి కొమురవ్వనన్న అడుగు. అమ్మ మాటకు పటేలు గూడ ఎదురు చెప్పడు" అంది.

కొమురవ్వ గుడి ముందు పేడనీళ్ళు చల్లుతోంది. ఉప్పలయ్యను చూసి, "ఏందిరా, డప్పు లేకుండొచ్చినవ్, పానం బాగలేదా?" అంది.

"అవ్వా, ఒక మాటడుగుత, తిట్టద్దు. అమ్మకు కాళ్ళు నొస్తయా?"

"ఓరి నీ నోట్లె మన్నువడ! ఏం మాటరా గది?"

"పసులన్ని అమ్మ కాడికే ఎందుకు పోవాలె? బిడ్డకు జ్వరమొస్తె తల్లే మంచం కాడికొస్తది గద. అమ్మనే ఇంటింటికి వస్తె కాదా?"

కొమురవ్వ చేతిలోని చెంబు కింద పెట్టింది. ఆయన మధుకర్ చెప్పిందంతా చెప్పాడు, ఒకే కుండ, ఒకే గోలెం సంగతి కూడా. ఆమె వింటూ వింటూ గుడిలోని అమ్మ ముఖం వైపు చూసింది.

"ఇంటింటికంటె మీ వాడకు గూడ వస్తదిరా. ఇన్నేండ్లల్ల అమ్మ తోరణం మీ వాడకు ఎన్నడన్న వచ్చిందా?"

"రాలేదవ్వా."

"నాకు గూడ ఇయ్యాల్నే యాదికొచ్చింది చూడు." చెంబు మళ్ళీ అందుకుని అంది, "వస్త. ఎవలింటి నీళ్ళు ఆళ్ళే తెచ్చుకోండ్రి, పసుపు నేనేస్త. ఎవలింటి వేపమండ ఆళ్ళదే."

"అవ్వా, ఇల్లిల్లుకు చేతులు కాళ్ళు సబ్బుతోని కడుక్కుంట పోవాలెనంట."

"ఏం రా, పూజకు ముందు చేతులు కడుగుమని నాకు చెప్పొచ్చినవా? పో, పోయి నీ డప్పు కాగబెట్టుకో!"

తెల్లవారి ఉప్పలయ్య ఎప్పటిలాగే గడ్డి ముట్టించాడు. ఆ రోజు దెబ్బ విని డప్పును చూరుకు తగిలించలేదు, మెడలో వేసుకున్నాడు. ఊరి నడుమకు పోయి, కండ్లు మూసుకుని, వాళ్ళ నాయిన నేర్పిన దెబ్బ కొట్టాడు. చిటపట చిటపట. మౌనం. చిటపట చిటపట. మౌనం.

పిల్లలు ఇదేదో కొత్త దెబ్బ అని చూడటానికి బయటికి ఉరికారు. ముసలివాళ్ళు మాత్రం వాళ్ళను లోపలికి గుంజి తలుపులు వేశారు. ముప్పై ఏండ్ల కింద విన్న దెబ్బ వాళ్ళ ఎముకల్లో అలాగే ఉంది. ఒక ముసలాయన గొళ్ళెం పెట్టాక గానీ, ఎందుకు పెట్టానని ఆలోచించలేదట. ఊరు సద్దుమణిగాక ఉప్పలయ్య గొంతెత్తాడు.

"ఇనుండ్రి! దొంగ ఊళ్ళెకొచ్చిండు! కంటికి కనబడని దొంగ! పసులను ఇడువద్దు, మందల కలుపద్దు, ఒక్క గోలెంల తాపద్దు! దాటుడు పొలిమేర కాడ లేదు, అమ్మనే మీ ఇంటికి వస్తున్నది! డాక్టర్ సారు గూడ ఎంబడే వస్తున్నడు!"

జగపతి పటేల్ భుజం మీద కండువా కూడా లేకుండా వీధిలోకి వచ్చాడు. "ఉప్పలిగా! నేను చెప్పిందేంది, నువ్వు కొట్టిందేంది?"

"తప్పే పటేలా. కాని గీ దెబ్బ మీ నాయిన కాలంల మీ గడీ తలుపులు గూడ వేయించింది."

"నోరు ముయ్యి! ఊరి ఆచారం మార్చెతందుకు నువ్వెవనివిరా?"

అప్పుడు వేపమండల మోపు నెత్తిన పెట్టుకుని కొమురవ్వ వచ్చింది. "ఆడు మార్చలే కొడకా. అమ్మకు నడవబుద్ధైంది, నడుస్తున్నది. మొదలు నీ ఇంటికే వస్తున్న, పోయి ఆకిలి ఊడిపియ్యి. నీ ఇంట్ల నీళ్ళున్నయా, అవి గూడ నేనే మోయాల్నా?"

తలుపు సందుల్లోంచి నవ్వులు వినబడ్డాయి. పటేల్ ఆమె మాటకు ఎదురు చెప్పలేకపోయాడు. ఉప్పలయ్య వైపు మాత్రం వేలు చూపాడు. "దాటుడు తప్పినందుకు ఊళ్ళె ఒక్క పసరం కూలినా, ఆ డప్పు నా వాకిట్ల దించి ఊరిడిచి పోవాలె. ఒప్పుకుంటవా?"

సారమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఒప్పుకుంట పటేలా" అన్నాడు ఉప్పలయ్య.

ఆ తర్వాతి రోజుల్లో మా ఊరు ఒక వింత నిశ్శబ్దంలో బతికింది. మెడగంటల చప్పుడు లేదు, మందల దుమ్ము లేదు. కొమురవ్వ ముందు నడిచేది, ఆమె వెనుక ఐసు వేసిన ఫ్లాస్కులో టీకా మందు పట్టుకుని మధుకర్. ఇంటి ముందు తోరణం కట్టడం, పసుపు నీళ్ళు చల్లడం, సూది వేయడం, చేతులు కడగడం, మళ్ళీ ఇంకో ఇల్లు. సూదులు ఉడకబెట్టే కుండ సారమ్మ పొయ్యి మీద నుంచి దిగనే లేదు. పై వీధుల్లో అయ్యాక అమ్మ తోరణం ఆ వాడలోకి కూడా నడిచి వచ్చింది. ఆ రోజు ఆడవాళ్ళు వాకిళ్ళన్నీ అలికి ముగ్గులు పెట్టి, కొమురవ్వ కాళ్ళు కడిగారు. సారమ్మ కూడా కడిగింది. "మీ ప్రభువు ఏమనుకోడానే?" అని కొమురవ్వ నవ్వితే, "ఆయన గూడ శిష్యుల కాళ్ళు కడిగినోడే అవ్వా" అంది సారమ్మ.

పసులు మేతకు పోలేవు కాబట్టి మేతే ఇంటికి రావాలి. గడ్డివాములు ఉన్నవాళ్ళ సంగతి సరే, లేనివాళ్ళ గుమ్మాల ముందు ఎవరు పెట్టారో తెలియకుండా గడ్డిమోపులు కనబడేవి. ఒక ఇంట్లో పసరం కండ్లు నీళ్ళు పెడితే ఆ ఇంటివాళ్ళు దాచలేదు, గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టి, పక్కింటికి కేకేసి చెప్పారు. చచ్చిన పసరాన్ని కోయడం, తోలు తీసుకోవడం ఉప్పలయ్య వాడ హక్కు. ఈసారి తోలు తియ్యవద్దని, లోతుగా గుంత తీసి సున్నం వేసి పాతాలని మధుకర్ చెబితే, ఆ వాడ ఒప్పుకుంది. తమ హక్కును తమ చేతులతోనే మట్టిలో పెట్టి పూడ్చడానికి సిద్ధపడ్డారు.

ఇంతలో పటేల్ గారి కపిలావు చచ్చిపోయింది.

కబురు రాగానే ఉప్పలయ్య డప్పు తీసి చంకన పెట్టుకున్నాడు. సారమ్మ ఏడవలేదు. కోడెల పలుపులు గట్టిగా పట్టుకుని, ఆయన పోయే దారి వైపు చూస్తూ నిలబడింది. పటేల్ వాకిట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఉప్పలయ్య వంగి డప్పు దించబోయాడు.

"దించకు."

ఉప్పలయ్య వంగినవాడు వంగినట్టే ఆగాడు.

"నీ చాటింపు కంటె ముందటి దినమే దాని కండ్లల్ల నీళ్ళొచ్చినయి" అన్నాడు పటేల్ నేల చూస్తూ. "దుమ్ము పడ్డదనుకున్న. సారు చూసెదాక ఎవలికి చెప్పలే. దాటుడే గనక అయితే ఆ తోరణం కింద ముందుగాల నడిచేది నా కపిల. ముందుగాల ఆ గోలెంల మూతి పెట్టేది గూడ అదే. ఊరి పసులన్ని దాని ఎనుక…" ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "గది తల్సుకుంటె తిండి పోతలేదు. దించకు, ఉప్పలయ్యా."

ఆ ఇంట్లో తన పేరు పూర్తిగా పలకడం ఉప్పలయ్య అప్పుడే విన్నాడు.

ఆ తర్వాత రోగం ముందుకు కదలలేదు. అంతకుముందే జబ్బు పట్టిన రెండు మూడు పసులు పోయాయి. కొత్తగా ఏ ఇంటికీ ఎర్రగుడ్డ కట్టాల్సిన పని రాలేదు. ఒకనాడు మధుకర్ ఊరంతా తిరిగి, ప్రతి పసరం నోరు తెరిచి చూసి, చావిడి దగ్గరికొచ్చి, "ఇగ ఇడువుండ్రి" అన్నాడు. ఆ మాటకు ఆయన కండ్లలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు ఉప్పలయ్య కొట్టిన డప్పు విన్నవాళ్ళ జన్మ ధన్యం. పెండ్లి దెబ్బ, తూము దెబ్బ, బతుకమ్మ దెబ్బ అన్నీ కలిపి కొట్టాడు. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. అన్నాళ్ళు కట్టేసి ఉన్న పసులు తోకలెత్తి వీధుల్లో పరుగులు తీశాయి. ముసలి బర్రెలు కూడా దూడల్లా ఎగిరాయి. మెడగంటల చప్పుడుకు డప్పు చప్పుడే వినబడలేదు. కొమురవ్వ గుడి మెట్టు మీద కూర్చుని, "అమ్మా, నీ కాళ్ళు పిసుకనా?" అని లోపలికి చూసి అడిగింది.

మధుకర్ తర్వాతి ఏండ్లలో కొత్తగూడ అడవి గూడేలకు, భూపాలపల్లి దిక్కు పల్లెలకు పోయినప్పుడల్లా ఉప్పలయ్యను వెంట తీసుకుపోయేవాడు. ఎక్కడి డప్పు కళాకారుడికి అక్కడ ఆ దెబ్బ నేర్పి వచ్చేవాడు ఉప్పలయ్య. అక్కడి దేవతలు కూడా ఇంటింటికీ నడవడం నేర్చుకున్నారు. ఎనభైల్లో మైకులు కట్టిన జీపులొచ్చాయి, అయినా చాలా ఊర్లలో ముసర మాట వినబడితే ముందు మోగింది ఆ దెబ్బే. మా ఊళ్ళో దాటుడు మళ్ళీ పొలిమేరకు పోలేదు. తోరణం ప్రతి ఏడూ ఇంటింటికే వస్తుంది, అన్ని వాడలకూ.

కానీ ఉప్పలయ్యను గురించి మా ఊరు ఎక్కువగా చెప్పుకునేది ఆయన మొదటి చాలు సంగతి.

మృగశిర రెండో వానకు చెలక పదునైంది. పొద్దున్నే డప్పు కాచి, దెబ్బ విని, ఆ రోజు దాన్ని కూడా మెడలో వేసుకుని నాగలితో బయలుదేరాడు. తన భూమి మీద మొదట డప్పు మోగించి, తర్వాత చాలు వేయాలని ఆయన కోరిక. డప్పు మోగించాడు. నల్లోడు, మైలోడు చెవులు రిక్కించి నిలబడ్డాయి. తీరా మేడి పట్టబోతే డప్పు అడ్డమైంది. చుట్టూ తడిసిన నేల, దించితే తోలు మెత్తబడుతుంది. తగిలించడానికి ఆ చెలకలో ఒక్క చెట్టు లేదు. సారమ్మ రెండు చేతులా విత్తనాల బుట్ట మోస్తోంది. గట్టు మీద నిలబడి చూస్తున్నది జగపతి పటేల్ ఒక్కడే. ఆ రోజుల్లో పైవాడ మనిషి ఆ తోలు ముట్టుకోవడం ఎవరూ చూసి ఎరుగరు.

ఉప్పలయ్య కాసేపు ఎడ్ల వైపు, కాసేపు మబ్బు వైపు చూశాడు. తర్వాత మెల్లగా గట్టు దగ్గరికి నడిచి, డప్పును కండువాతో తుడిచి, రెండు చేతులతో ముందుకు చాచాడు.

"పటేలా, ఒక్క చాలు అయ్యేదాక. జర గీ డప్పు పట్టుకుంటరా?"